బీచుపల్లి దగ్గర ఒక పూట ఆగాలి, పెద్దావిడను నది పక్కన ఎక్కడ కూర్చోబెట్టాలి?

నడిగడ్డ ఆడబిడ్డ:

అందరికీ నమస్తే. మేం హైదరాబాద్‌లో ఉంటాం. మా అమ్మ పుట్టిల్లు కృష్ణకు ఇవతల ఆత్మకూరు వైపు ఒక పల్లె, మెట్టినిల్లు అవతల నడిగడ్డలో. జూరాల డ్యామ్ కట్టక ముందటి మాట ఇది. పుట్టింటికి పోవాలంటే పుట్టిలో, అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవలో, నది దాటడమే, లేదంటే బీచుపల్లి బ్రిడ్జి మీదుగా చుట్టూ తిరిగి పోవాలి, దానికి ఒక రోజంతా పట్టేదని చెబుతుంది. ఇప్పుడు అమ్మకు 74 ఏళ్లు, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, మెట్లు ఎక్కలేదు, దిగలేదు.

మా అత్తగారిల్లు కర్నూలు. ఏడాదికి నాలుగైదు సార్లు ఆ రోడ్డు మీదే పోతాం. ఆ రోడ్డు కృష్ణను దాటే చోటే బీచుపల్లి, ఆంజనేయస్వామి గుడి ఉన్న ఊరు. ఆ బ్రిడ్జి వచ్చిందంటే అమ్మ చెప్పులు విడిచి, కారు అద్దం దింపి, కొంగున కట్టుకున్న రూపాయి బిళ్ల తీసి కృష్ణలో వేసి దండం పెట్టుకుంటుంది. అంతే, అంతలో బ్రిడ్జి అయిపోతుంది. పిల్లలు ఆకలంటారు, మా ఆయన చీకటి పడకముందే చేరాలంటారు, నేనేమో వచ్చేటప్పుడు ఆగుదాంలే అంటాను, వచ్చేటప్పుడు రాత్రవుతుంది. ఇట్లా ఎన్నేళ్లు గడిచాయో. పోయినసారి అమ్మ, "దర్శనం కాకున్నా సరే, ఆ నీళ్ల పక్కన ఒక గంట కూర్చుంటే చాలు నాకు" అంది. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు.

అందుకే ఈ కార్తీకంలో పొద్దున పోయి, మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి, అన్నం తిని, తర్వాత కర్నూలు పోదామని అనుకుంటున్నాం. అక్కడ పార్కులాగా నీడలో కూర్చునే జాగా ఉందా? మెట్లు దిగకుండానే నది కనిపిస్తుందా? బాత్రూంల సంగతేమిటి? తినడానికి ఏమన్నా దొరుకుతుందా, ఇంటి నుంచే పట్టుకుపోవాలా? కార్తీకంలో నీళ్లు ఉంటాయా? అసలు ఇప్పుడు అక్కడ పుట్టిలు కనిపిస్తాయా? అమ్మకు ఒక్కసారి చూపించాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పెబ్బేరు వాసి:

అక్కా, మాది పెబ్బేరే. చిన్నప్పుడు సైకిళ్ల మీద బీచుపల్లి పోయి ఈత కొట్టి వచ్చినవాళ్లం కాబట్టి నాకు తెలిసినంత చెబుతా.

నదిని చూస్తూ కూర్చోవడానికి పార్కు వెతకాల్సిన పని లేదు. గుడి చుట్టుపక్కల చెట్లున్నాయి, వాటి కింద చాప వేసుకుని కూర్చుని సద్ది విప్పుకునే కుటుంబాలు ఎప్పుడూ కనిపిస్తాయి. రాత్రి ఉండే ఆలోచన పెట్టుకోకండి, అది ఒక పూట ఉండి పోయే జాగా. 2016 పుష్కరాలకు మెట్లన్నీ కొత్తగా కట్టారు, మీ అమ్మగారిని ఆ మెట్లు దింపకండి, పైన ఘాటు గట్టు మీద కుర్చీ వేస్తే అక్కడి నుంచే నది, బ్రిడ్జి రెండూ కనిపిస్తాయి. మడత కుర్చీ ఒకటి డిక్కీలో పెట్టుకుని రండి. సిమెంటు గట్టు మీద కూర్చుంటే పెద్దవాళ్లకు లేవడం కష్టం, మా నాయనతో పోయినప్పుడు ఆ ఇబ్బంది పడ్డాం.

మీరు హైదరాబాద్ నుంచి వస్తున్నారు కాబట్టి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, తర్వాత మా పెబ్బేరు. మొత్తం 160 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పెబ్బేరు దాటితే రంగాపూర్, అది నదికి ఇవతలి ఒడ్డు, వనపర్తి జిల్లా. బ్రిడ్జి దాటితే బీచుపల్లి, గద్వాల జిల్లా. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. బ్రిడ్జి మీద కారు వేగంగా పోతుంటుంది, గుడికి దిగే దారి చూసుకునేలోపే దాటిపోతారు, అప్పుడు ఎర్రవల్లి చౌరస్తా దాకా పోయి వెనక్కి తిరిగి రావాలి. అందుకని బ్రిడ్జి ఎక్కేటప్పుడే బావగారికి చెప్పి వేగం తగ్గించమనండి. బ్రిడ్జి మీద మాత్రం ఎంత బతిమాలినా కారు ఆపొద్దు. వెనక నుంచి లారీలు ఏ వేగంతో వస్తాయో చెప్పలేం.

రోజు గురించి ఒక మాట. ఆంజనేయస్వామి గుడి కాబట్టి మంగళవారం, శనివారం జనం ఉంటారు. కార్తీక సోమవారాలు, పౌర్ణమి అయితే స్నానాలకు తెల్లవారుజాము నుంచే వస్తారు. శనివారం మా ఊళ్లో పశువుల సంత కూడా, ఎడ్ల బండ్లు, డీసీఎం వ్యాన్లు రోడ్డు నిండా. కాబట్టి బుధవారమో గురువారమో పెట్టుకోండి. పొద్దున తొమ్మిది లోపు చేరితే ఎండ ముదరకముందే రెండు మూడు గంటలు హాయిగా కూర్చోవచ్చు.

బాత్రూంలు ఉంటాయి కానీ మోకాళ్ల నొప్పి ఉన్న ఆవిడకు కష్టమవుతుంది, అందుకే దారిలో పెద్ద హోటల్ దగ్గర టిఫిన్‌కు ఆగినప్పుడే ఆ పని చూసుకోండి. తిండి ఇంటి నుంచే తెచ్చుకోవడం మేలు. జొన్నరొట్టె, పల్లీల పచ్చడి, పెరుగన్నం ఉంటే ఇంకేం కావాలి. కోతులుంటాయి, సంచులు విప్పి పక్కన పెట్టొద్దు, పిల్లల చేతిలో అరటిపళ్లు కూడా కనిపించనివ్వకండి.

పాత రూటు డ్రైవర్:

అమ్మా, నేను 28 ఏళ్లు ఆర్టీసీలో బస్సు నడిపాను, అందులో ఎక్కువ కాలం ఈ రోడ్డే. మేం దీన్ని ఏడో నంబరు రోడ్డు అనేవాళ్లం, 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చి 44 చేశారు. ఇప్పుడు పోయేదానికి ఒక బ్రిడ్జి, వచ్చేదానికి ఒక బ్రిడ్జి ఉన్నాయి. నేను నడిపేటప్పుడు ఒకటే ఉండేది, ఎదురుగా లారీ వస్తే అద్దాలు తగులుతాయేమోనని ఊపిరి బిగబట్టి పోయేవాళ్లం. మీ అమ్మగారు రూపాయి వేస్తారని రాశారు చూడండి, బస్సులో కూడా అంతే, బ్రిడ్జి ఎక్కగానే కిటికీ పక్కన కూర్చున్నవాళ్ల చేతికి వెనక నుంచి బిళ్లలు అందేవి, "నాది కూడా వెయ్యన్నా" అని. కొందరు నా చేతికి కూడా ఇచ్చేవారు. స్టీరింగ్ వదిలి ఎక్కడ వేస్తాను, దిగేటప్పుడు తిరిగి ఇచ్చేవాణ్ని.

ఆ బ్రిడ్జి మామూలు బ్రిడ్జి కాదని పిల్లలకు చెప్పండి. అది దాటితేనే నడిగడ్డ మొదలవుతుంది. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర, రెండు నదుల నడుమ ఉన్న గడ్డ కాబట్టి ఆ పేరు. సంస్థానాల కాలంలో నదికి ఉత్తరాన వనపర్తి సంస్థానం, దక్షిణాన గద్వాల సంస్థానం, రెండూ నిజాం కింద ఉండేవి. మా తాతల కాలంలో పెండ్లి సంబంధం నది అవతల అంటే మా ఇంటి ఆడవాళ్లు రెండు సార్లు ఆలోచించేవారట. వానకాలంలో పిల్లకు ఒంట్లో బాగలేదని కబురు వస్తే పోవడానికి దారి ఉండేది కాదు కదా.

ఊరి పేరు గురించి ఇక్కడ చెప్పుకునే కథ ఒకటుంది. విజయనగర రాజుల కాలం నాటి మాధ్వ గురువు వ్యాసరాయలవారు ఆంజనేయస్వామిని ప్రతిష్ఠించి, తెల్లవారి ముందుగా ఎవరు వస్తే వాళ్లే పూజ చేయాలన్నారట. వచ్చినవాడు ఒక బోయ పిల్లవాడు, పేరు బీచుపల్లి. అప్పటి నుంచి బోయలే అక్కడ పూజారులు. మా పాలమూరులో ఏ ఊళ్లోనైనా "బీచుపల్లీ" అని కేకేస్తే ఒకరిద్దరు తిరిగి చూస్తారు, మొక్కుకుని పెట్టుకున్న పేర్లు అవన్నీ. మా కండక్టర్లలోనే ఇద్దరుండేవారు.

ఇంకొకటి. 2009 అక్టోబర్ 2. అది మరచిపోలేని రోజు. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర, హంద్రీ ఒక్కసారే పొంగాయి. కర్నూలు టౌన్ మునిగింది, అలంపురం మునిగింది, శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఈ రోడ్డు మీద రాకపోకలు ఆగిపోయాయి. మా బస్సులు ఎక్కడివి అక్కడే. నా బస్సులో కర్నూలు పోవాల్సిన ఒక ముసలాయన, కొడుకు ఫోన్ కలవక, టెన్షన్‌తో రాత్రంతా డిపో బెంచీ మీద కూర్చున్నాడు, నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను. మూడో రోజు కొడుకు గొంతు వినిపించింది. గట్టు మీద కూర్చుని చూస్తే నది ఎంత నెమ్మదిగా కనిపిస్తుందో, అప్పుడు అంత భయపెట్టింది.

మిర్యాలగూడ టీచర్:

పెద్దవాళ్లను మెట్లు లేకుండా నది దగ్గర కూర్చోబెట్టాలంటే మా వైపు వాడపల్లి కూడా మంచి చోటే. వజీరాబాద్ అని కూడా అంటారు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే జాగా, అద్దంకి రోడ్డు మీద బ్రిడ్జి దాటితే అవతల పల్నాడు, పొందుగుల. కింద పులిచింతల డ్యామ్ ఉండడం వల్ల బ్యాక్ వాటర్ ఇక్కడి దాకా నిలిచి ఉంటుంది, అందుకని బండలు తేలిన నదిని చూసి నిరాశ పడే పరిస్థితి తక్కువ. అగస్త్యేశ్వరుడి గుడి, లక్ష్మీనరసింహస్వామి గుడి రెండూ చూడవచ్చు. నరసింహస్వామి గుళ్లో రెండు దీపాలు పెడతారు, స్వామి ముక్కు ఎత్తున ఉన్న దీపం రెపరెపలాడుతుంది, కిందిది కదలకుండా వెలుగుతుంది, అది స్వామి ఊపిరి అని మా అమ్మ చూపించేది. మా బడి పిల్లలను తీసుకుపోయినప్పుడు ఒక్కొక్కరూ ఊపిరి బిగబట్టి మరీ చూశారు.

నడిగడ్డ ఆడబిడ్డ:

టీచర్ గారూ, వాడపల్లి వేరే రూటు అయిపోతుంది మాకు, అయినా అమ్మకు కావాల్సింది ఆ ఒడ్డే. ఆ దీపాలు చూడడానికి ఇంకోసారి తప్పకుండా వస్తాం. డ్రైవర్ అన్నా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. 2009లో మా చిన్నమ్మ వాళ్లు అలంపురంలోనే ఉన్నారు, మేడ మీద ఒక రాత్రి గడిపారు. అమ్మ కళ్లు తుడుచుకుంది.

పిల్లలు నీళ్లలో దిగుతామని ఇప్పటి నుంచే గొడవ. కింది మెట్ల మీద కాళ్లు పెట్టనివ్వవచ్చా?

ఎర్రవల్లి కుర్రాడు:

అక్కా, పెబ్బేరు అన్న ఈత గురించి రాశాడు, అది వాళ్ల కాలం. నేను గట్టిగా చెబుతున్నా, పిల్లలను ఒంటరిగా ఒక్క మెట్టు కూడా దిగనివ్వకండి.

ఎందుకో వివరంగా రాస్తా. చాలామంది ఇక్కడ వాన లేదు కదా, నది ఎందుకు పెరుగుతుంది అనుకుంటారు. ఈ నీళ్లు ఇక్కడి వానవి కావు. మహాబలేశ్వరంలో పుట్టి, కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్ డ్యాములు దాటి, తంగిడి దగ్గర భీమను కలుపుకుని జూరాలకు వస్తాయి. జూరాల దగ్గర 234 మెగావాట్ల కరెంటు ప్లాంటు ఉంది, దాని కింద లోయర్ జూరాల 240 మెగావాట్లు. గేట్లు ఎత్తినా, ప్లాంట్లు నడిపినా ఆ నీళ్లన్నీ మన బీచుపల్లి మీదుగానే పోతాయి. అంటే నెత్తిన ఎండ కాస్తుండగానే, మబ్బు కూడా లేకుండానే, ఇందాక కూర్చున్న మెట్టు కాసేపటికి నీళ్లలో ఉండవచ్చు. జూలై నుంచి అక్టోబర్ దాకా అయితే బయల్దేరే రోజు పొద్దున పేపర్లోనో టీవీలోనో జూరాల అవుట్‌ఫ్లో చూసుకోండి. లక్షల క్యూసెక్కులని రాస్తే ఘాటు దరిదాపులకు పోకుండా గుడి దగ్గరి నుంచే చూసి రండి.

ఇంకో ప్రమాదం నాచు. నీళ్లు తగ్గిన తర్వాత కింది మెట్ల మీద పచ్చగా పేరుకుంటుంది, చూడడానికి ఏమీ కనిపించదు, కాలు పెడితే జారుతుంది. ఇంటర్ చదివేటప్పుడు మా దోస్తు ఒకడు చెప్పులు కడుక్కుందామని వంగి జారిపోయాడు. వాడికి ఈత వచ్చు. అయినా బండల మధ్య సుడిలో పడి పైకి రాలేకపోయాడు, చేపలు పట్టే పెద్దాయన ఒకాయన వల తాడు విసిరి లాగాడు కాబట్టి దక్కాడు. నేను ఒడ్డున నిలబడి అరవడం తప్ప ఏమీ చేయలేకపోయాను, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. అందుకే పిల్లలకు పై మెట్ల మీదనే చెంబుతో నీళ్లు పోయండి, సంతోషపడతారు.

మరొకటి, దీపాలు వదిలేవాళ్లు థర్మోకోల్ దొన్నెల్లో వదులుతున్నారు. అరటి దొప్పలు తెచ్చుకోండి. మేం నలుగురం పోయిన కార్తీకం అయిపోయాక ఒడ్డున ఏరితే మూడు గోనె సంచులు నిండాయి.

పెబ్బేరు వాసి:

తమ్ముడు చెప్పింది నిజం. ఈత సంగతి నేను రాయకుండా ఉండాల్సింది. అప్పట్లో మాకు తోడుగా పెద్దవాళ్లు ఉండేవారు, ఏ గుండం ఎక్కడుందో వాళ్లకు తెలుసు. తమ్ముడి మాటే వినండి అక్కా.

పాత రూటు డ్రైవర్:

పుట్టి గురించి అడిగారు, దానికి ఎవరూ చెప్పలేదు. చేపలు పట్టేవాళ్లవి ఒకటో రెండో ఒడ్డున బోర్లించి కనిపించవచ్చు. మీ అమ్మగారి కాలం పుట్టికి, ఇప్పటిదానికి తేడా ఉంది. వెదురు బద్దలతో పెద్ద గంపలాగా అల్లడం అదే, కానీ వెనకటికి పైన తోలు కప్పేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ కవరు వేసి తారు పూస్తారు. తెడ్డు ఒక్కటే. తెడ్డు వేసేవాడి చేయి తప్పితే గుండ్రంగా తిరుగుతుంది, అలవాటు లేనివాళ్లకు తల తిరుగుతుంది. గద్వాల దగ్గర గుర్రంగడ్డ అని నది మధ్యలో ఊరు ఉంది, వాళ్లు పుట్టిల మీద, మరపడవల మీద దాటినవాళ్లే. కురుమపురం దత్తాత్రేయ క్షేత్రానికి కూడా మక్తల్ వైపు పంచదేవ్‌పహాడ్ నుంచి నది దాటే పోతారు.

చూపించండి, చేత్తో తాకనివ్వండి, ఎక్కించే మాట మాత్రం వద్దు. మోకాళ్లు వంగని మనిషి పుట్టిలో కూర్చోలేరు, నిలబడితే పుట్టి ఒరుగుతుంది. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఏ నదిలోనూ ఎక్కించకండి. 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి ఇండ్లకు ఇండ్లే ఖాళీ అయ్యాయి. అది కూడా ఇదే కృష్ణ.

సమయం మిగిలితే కర్నూలు పోయే దారిలోనే అలంపురం చౌరస్తా నుంచి ఎడమకు తిరిగి జోగులాంబను, నవబ్రహ్మ ఆలయాలను చూడవచ్చు. బాదామి చాళుక్యుల కాలం గుళ్లు అవి. కానీ ఒకే రోజు రెండూ పెట్టుకుంటే మీరు రాసిన ఆ ఒక గంట మళ్లీ హడావుడిలో పోతుంది. నా మాట వింటే ఆ రోజు బీచుపల్లి ఒక్కటే పెట్టుకోండి.

నడిగడ్డ ఆడబిడ్డ:

పోయి వచ్చాం. మీ అందరికీ చెప్పకుండా ఉండలేను.

బుధవారం తెల్లవారుజామున అయిదున్నరకు బయల్దేరాం. జడ్చర్ల దాటాక టిఫిన్‌కు ఆగి, తొమ్మిదింటికల్లా బీచుపల్లి చేరాం. బ్రిడ్జి ఎక్కగానే మా ఆయన వేగం తగ్గించారు, దిగే దారి తప్పలేదు. జనం తక్కువ. గట్టు మీద చెట్టు నీడ చూసి మడత కుర్చీ వేశాం. అమ్మ కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నీళ్లు బాగానే ఉన్నాయి, నిండుగా కాదు, నడుమ నడుమ బండలు తేలి, వాటి మీద కొంగలు.

కాసేపటికి "ఎగువ ఎటు?" అని అడిగింది. చూపించాను. అయితే ఈ నీళ్లు మా ఊరి ముందు నుంచే వచ్చాయి అంది. అప్పుడు మొదలుపెట్టింది. పెళ్లయ్యాక మొదటిసారి దాటినప్పుడు పుట్టి నడిపే ఆయన ఆమెను నడుమ కూర్చోబెట్టి, ట్రంకు పెట్టె ఒళ్లో పెట్టి, "నీళ్లు చూడకు బిడ్డా, పెట్టె మీది పువ్వు బొమ్మ చూడు" అన్నాడట. పుట్టి రెండు చుట్లు తిరిగిందట. ఆవలి ఒడ్డున మా నాన్న మోకాలు లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడట, చెప్పులు రెండూ చంకలో పెట్టుకుని. నాకు 46 ఏళ్లు, ఈ సంగతి ఇప్పటిదాకా వినలేదు. ఆ ట్రంకు పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, పాత దుప్పట్లు పెడతాం అందులో. పువ్వు బొమ్మ చెరిగిపోయింది.

పుట్టి ఒకటి నిజంగానే ఒడ్డున బోర్లించి ఉంది. నేనూ మా ఆయనా చెరో పక్క పట్టుకుని నెమ్మదిగా నడిపించి తీసుకుపోయాం. అమ్మ దాని అంచు తడిమి చూసి, ఇది చిన్నది, మాది పెద్దది, మేకలు కూడా పట్టేవి అంది. పిల్లలకు పై మెట్టు మీద చెంబుతో నీళ్లు పోశాను, తమ్ముడు చెప్పినట్టే. మా చిన్నోడు ఎనిమిది చెంబులు పోయించుకున్నాడు. అమ్మకు కూడా చెంబులో నీళ్లు తెచ్చి ఇస్తే దోసిట్లో పట్టుకుని నాన్న పేరు చెప్పి వదిలింది. సాయంత్రం దాకా ఉండలేం కాబట్టి దీపం పొద్దుననే పెట్టి, అరటి దొప్పలో వదిలాం.

ఒంటి గంటన్నర దాకా ఉన్నాం. అమ్మ దర్శనం అక్కర్లేదంది కానీ వచ్చేముందు తనే గుడికి పోదామంది. అలంపురం పోలేదు, డ్రైవర్ అన్న చెప్పింది మంచి మాట.

రెండు రోజుల తర్వాత కర్నూలు నుంచి తిరిగి వస్తుంటే బ్రిడ్జి వచ్చింది. అలవాటుగా నేనే అద్దం దింపాను. అమ్మ కొంగు విప్పలేదు. అడిగితే, మొన్న చేత్తోనే పోశాను కదా, మళ్లీ రూపాయి ఎందుకు అంది.

ఒక్క ఇబ్బంది, పదకొండు దాటాక నీడ జరిగిపోయింది, కుర్చీ మూడు సార్లు మార్చాల్సి వచ్చింది. గొడుగు కూడా పెట్టుకోండి. మా అక్క వాళ్లు మే నెల సెలవులకు పూణే నుంచి వస్తారు, వాళ్లనూ తీసుకుపోదామంటోంది అమ్మ. మేలో ఎలా ఉంటుంది పెబ్బేరు అన్నా?

పెబ్బేరు వాసి:

చదువుతుంటే మా నాయన గుర్తొచ్చాడు అక్కా. మే వద్దు. నది బండలు తేలి పాయలుగా చీలిపోయి ఉంటుంది, పది గంటలకే బండలు కాలుతుంటాయి, అమ్మగారు ఆ ఎండకు ఆగలేరు. అక్కవాళ్లకు దసరా సెలవులు దొరికితే అప్పుడు రమ్మనండి. ముందు రోజు ఇక్కడ ఒక మాట రాయండి, జూరాల నుంచి ఎంత వదులుతున్నారో చూసి చెబుతా.